ఆకాశం నుంచి మనవాళ్లను గుర్తుపట్టేదెలా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి "రక్షణ రంగంలో టెక్నాలజీ గురించి ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. ఏ క్షిపణి ఎంత దూరం పోతుంది, ఏ విమానం ఎంత బరువు మోస్తుంది, ఈ లెక్కలన్నీ ఇక్కడున్న పిల్లలకు నాకంటే బాగా తెలుసు. ఫోన్లో చూస్తూనే ఉంటారు. నేను ఎయిర్‌ఫోర్స్‌లో రాడార్ల దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి. అందుకని సభల్లో ఎవరూ పెద్దగా ఎత్తని ఒక విషయం ఎంచుకున్నాను. మన విమానం వేసిన బాంబు మన సైనికుల మీదే పడకుండా చూడటం ఎలా? నేల మీదున్న మన ఫిరంగి మన విమానాన్నే కూల్చకుండా ఆపడం ఎలా? ముందే చెబుతున్నాను, నేను చెప్పేదంతా పుస్తకాల్లో, పత్రికల్లో ఇప్పటికే వచ్చినదే. రహస్యాలేవో బయటపెడతానని ఆశ పెట్టుకోవద్దు.

దీన్ని ఇంగ్లీషులో ఫ్రెండ్లీ ఫైర్ అంటారు. మన పత్రికల్లో ఒకోసారి 'స్నేహపూర్వక కాల్పులు' అని కనిపిస్తుంది. కాల్పుల్లో స్నేహమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు! సైన్యంలో ఫ్రాట్రిసైడ్ అనే మాట కూడా వాడతారు. అంటే సోదరహత్య. ఉన్న మాటల్లో అదే నిజానికి దగ్గర.

సమస్య ఏమిటో తెలియాలంటే మన దుర్గం ఎక్కితే చాలు. సముద్ర మట్టానికి సుమారు 3 వేల అడుగుల ఎత్తు. పైనుంచి ఊరి వైపు చూడండి. ఇళ్లు తెలుస్తాయి, రోడ్డు తెలుస్తుంది, బస్సు వస్తే బస్సని తెలుస్తుంది. బజారులో నడుస్తున్న మనిషి మన బాబాయా, పొరుగూరి వాడా అంటే చెప్పగలరా? అదీ మీరు కదలకుండా, తీరిగ్గా నిలబడి చూస్తున్నప్పుడు. ఫైటర్ విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. సెకనుకు 220 మీటర్లు దాటుతుంది. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు బస్సులో గంటకు పైగా పట్టే దారి దానికి నాలుగైదు నిమిషాలు. ఆ వేగంలో, పొగలో, దుమ్ములో, పొద్దుగూకే వేళ, కింద నిలబడ్డ ట్యాంకు ఎవరిదో పైలట్ తేల్చుకోవాలి. పైగా కిందనుంచి ఎవరో తన మీద కాలుస్తూ ఉంటారు.

శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఇదే కోటను ముట్టడించి 1514లో గెలుచుకున్నాడు. ఆనాటి యుద్ధంలో ఎవరి జెండా వాళ్లది, ఎవరి నగారా వాళ్లది, ఎదుటివాడి ముఖం కనిపించేంత దగ్గర. ఇప్పుడు చంపేవాడికి చచ్చేవాడి ముఖం కనిపించదు. తుపాకీ చూపు కంటే దూరం పోవడం మొదలైనప్పటి నుంచే ఈ చిక్కు ఉంది. విమానం వచ్చాక అది పదింతలైంది.

మొదట విమానాల సంగతి చెబుతాను, ఎందుకంటే అక్కడ కొంతవరకైనా పరిష్కారం దొరికింది. రెండో ప్రపంచ యుద్ధంలోకి బ్రిటన్ దిగి మూడు రోజులే అయింది. 1939 సెప్టెంబరు 6న బ్రిటిష్ స్పిట్‌ఫైర్లు శత్రువులనుకుని తమ హరికేన్ విమానాలనే రెండింటిని కూల్చేశాయి. ఒక పైలట్ చనిపోయాడు. రాడార్ తెర మీద అన్ని విమానాలూ ఒకేలాంటి చుక్కలు. మనదో కాదో ఆ చుక్క చెప్పదు. చుక్క చేత పేరు చెప్పించడానికి పుట్టిందే ఐఎఫ్ఎఫ్, అంటే మిత్రుడా శత్రువా అని గుర్తించే యంత్రం.

అది పనిచేసే తీరు చాలా సులువు. రాత్రిపూట తలుపు కొడితే లోపలివాళ్లు "ఎవరూ?" అంటారు. బయటివాడు "నేనే" అని గొంతు వినిపిస్తాడు. అంతే. నేల మీదున్న యంత్రం 1030 మెగాహెర్ట్జ్ మీద ఒక ప్రశ్న పంపుతుంది. విమానంలోని ట్రాన్స్‌పాండర్ దాన్ని విని 1090 మెగాహెర్ట్జ్ మీద జవాబు చెబుతుంది. ప్రయాణికుల విమానాలు కూడా ఈ రెండు తరంగాల మీదే మాట్లాడతాయి. సైన్యానికి వచ్చేసరికి ప్రశ్నా, జవాబూ రెండూ సంకేత భాషలో ఉంటాయి, ఆ సంకేతం తాళం చెవి ఎప్పటికప్పుడు మారుతుంది. మోడ్ 4 అని ఉండేది, ఇప్పుడు మోడ్ 5 వచ్చింది. నిన్నటి తాళం చెవితో నేడు తలుపు తెరుచుకోదు.

ఇక్కడ పిల్లలు ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. ఈ యంత్రం పేరులో శత్రువు ఉన్నాడు కానీ, శత్రువును అది ఎన్నడూ గుర్తించలేదు. అది చెప్పగలిగింది ఒకే ఒక మాట, "ఇతను మనవాడు" అని. జవాబు రాకపోతే? శత్రువు కావచ్చు. యంత్రం చెడిపోయిన మనవాడు కావచ్చు. తాళం చెవి మార్చుకోని మనవాడు కావచ్చు. స్విచ్ ఆపేసిన మనవాడు కావచ్చు. మౌనానికి నాలుగైదు అర్థాలున్నాయి. భయంలో ఉన్న మనిషికి ఒక్కటే వినిపిస్తుంది.

2019 ఫిబ్రవరి 27 పొద్దున్నే జరిగింది ఇదే. అంతకు ముందు రోజు బాలాకోట్ దాడి జరిగింది. ఆ ఉదయం పాకిస్తాన్ విమానాలు జమ్మూ కశ్మీర్ వైపు వచ్చాయి. శ్రీనగర్ స్థావరం మొత్తం ఏ క్షణాన ఏం మీద పడుతుందో అన్నట్టుంది. పది దాటిన కాసేపటికి తిరిగి వస్తున్న మన ఎంఐ-17 వి5 హెలికాప్టర్‌ను మన స్పైడర్ క్షిపణే కూల్చింది. బడ్గాం దగ్గర పడింది. అందులోని ఆరుగురు వాయుసేన సిబ్బంది, కింద ఒక ఊరి మనిషి, మొత్తం ఏడుగురు పోయారు. హెలికాప్టర్‌లో ఐఎఫ్ఎఫ్ ఆపి ఉందనీ, నేల మీది వాళ్లకూ హెలికాప్టర్ వాళ్లకూ మధ్య మాట సరిగ్గా సాగలేదనీ విచారణలో తేలినట్టు పత్రికల్లో వచ్చింది. ఆ అక్టోబరు 4న అప్పటి వాయుసేనాధిపతి ఆర్‌కేఎస్ భదౌరియా గారు అది మన తప్పేనని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలును నేను గొప్పగానే చూస్తాను. చాలా దేశాల్లో ఇలాంటివి ఏళ్ల తరబడి 'ప్రమాదం' అనే మాట కిందే దాగి ఉంటాయి.

కొందరు అడుగుతారు, అంత మంచి యంత్రం చేతిలో ఉండగా ఎందుకు ఆపుతారండీ అని. ఆపడానికీ కారణాలుంటాయి. మనవాడికి వినిపించే గొంతు శత్రువుకూ వినిపించవచ్చు. తలుపు బయట "నేనే" అని అరిస్తే ఇంట్లోవాళ్లే కాదు, సందులో పొంచి ఉన్న దొంగ కూడా వింటాడు. అందుకే ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆపాలి అనేదానికి నియమాలుంటాయి. ఆ నియమం విమానంలో ఉన్నవాడికీ, నేల మీద మీట దగ్గర కూర్చున్నవాడికీ ఒకేలా తెలిసి ఉండాలి. ఒకడి చేతిలో పాత కాగితం, ఇంకొకడి చేతిలో కొత్త కాగితం ఉంటే ఎంత ఖరీదైన యంత్రమైనా ఏం చేయలేదు.

ఇది మనకే జరిగిందనుకోకండి. 1994 ఏప్రిల్ 14న ఉత్తర ఇరాక్ మీద రెండు అమెరికన్ ఎఫ్-15 విమానాలు రెండు అమెరికన్ బ్లాక్ హాక్ హెలికాప్టర్లనే కూల్చేశాయి. 26 మంది చనిపోయారు. పగటి వెలుతురు. పైన అన్నీ కనిపెట్టి చూసే అవాక్స్ విమానం కూడా ఉంది. హెలికాప్టర్లలో పెట్టిన కోడు ఒకటి, ఆ ప్రాంతంలో ఆ రోజు వాడాల్సిన కోడు ఇంకొకటి. పైలట్లు దగ్గరికి వెళ్లి కళ్లతో కూడా చూశారు. పక్కలకు అదనపు ఇంధన ట్యాంకులు తగిలించి ఉండేసరికి సోవియట్ హెలికాప్టర్లలా కనిపించాయి. యంత్రం శత్రువని అనుమానించమంది, కన్ను అవునంది.

ఇక అసలు చిక్కుకు వస్తాను. విమానానికి ట్రాన్స్‌పాండర్ పెట్టగలం. సైనికుడికి?

ఒక్కొక్కరికీ ఒక్కో పెట్టె ఇచ్చామనుకోండి. దానికి బ్యాటరీ కావాలి. కొండ మీద పోరాడేవాడు నీళ్లు, తూటాలు, తిండి మోస్తాడు. దాని మీద ఇంకో బరువు. మంచులో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. బండ చాటున ఉంటే తరంగం అందదు. మన దుర్గం అవతలి వైపున్నవాడికి ఇవతలి సెల్ టవర్ సిగ్నల్ అందనట్టే. శత్రువు ఒక సైనికుణ్ణి పడగొట్టి ఆ పెట్టె లాక్కుంటే అప్పటినుంచి వాడే మనవాడు. వేల మంది ఉన్న చోట విమానం ఒక్క ప్రశ్న వేస్తే వేల జవాబులు ఒకేసారి వస్తాయి. అమెరికా సైన్యం ట్యాంకుల కోసమని ఇలాంటి ప్రశ్న జవాబుల యంత్రం ఒకటి తయారు చేయించి, ఖర్చు భరించలేక 2001లో పక్కన పెట్టేసింది.

అందుకని నేల మీదున్నవాళ్లు మొదటి నుంచీ రంగు గుడ్డలనే నమ్ముకున్నారు. నారింజ రంగు పలకలు, పసుపు గుడ్డలు, రంగు పొగలు, వాహనాల మీద తెల్ల గీతలు. చవక. బ్యాటరీ అక్కర్లేదు. కానీ గుడ్డ అర్థం పైనున్నవాడికి తెలియాలి.

1971 యుద్ధంలో మనవాళ్లకు తగిలిన దెబ్బ ఇక్కడ చెప్పాలి. తెలుగునాట విశాఖపట్నం, ఘాజీ కథ అందరికీ తెలుసు. ఖుల్నా కథ తెలిసినవాళ్లు తక్కువ. కలకత్తా పోర్టు నుంచి తీసుకున్న రెండు ఓడలకు ఫిరంగులు బిగించి ముక్తి వాహిని వాళ్లకు ఇచ్చారు. పద్మ, పలాష్ అని వాటి పేర్లు. మన నౌకాదళానికి చెందిన పన్వేల్‌తో కలిసి, కమాండర్ సామంత్ నాయకత్వంలో, నది మీదుగా ఖుల్నా వైపు వెళ్లాయి. మన విమానాలు గుర్తుపట్టాలని పైభాగానికి పసుపు రంగు వేశారు. డిసెంబరు 10 మధ్యాహ్నం ఖుల్నా దగ్గర మన నాట్ విమానాలు వచ్చాయి. తమవే అని ఓడల్లో వాళ్లు ధైర్యంగా ఉన్నారు. అవి దిగివచ్చి పద్మను, పలాష్‌ను కొట్టాయి. రెండూ తగలబడ్డాయి. పలాష్ ఇంజన్ గదిలో పనిచేసే రుహుల్ అమీన్ ఆ రోజే చనిపోయాడు. బంగ్లాదేశ్ అత్యున్నత సైనిక పురస్కారం 'వీరశ్రేష్ఠ' పొందిన ఏడుగురిలో ఆయన ఒకరు. ఆ ఓడల మీద పసుపు రంగు ఉంది, దాని అర్థం ఒక సేనకు తెలుసు. ఆ క్షణాన ఆకాశంలో ఉన్నవాళ్లకు అది పనికిరాలేదు.

అంతకు ఆరేళ్ల ముందు, 1965 సెప్టెంబరు 1 సాయంత్రం, ఛంబ్‌లో కూడా ఇంతే. పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు దూసుకొస్తున్నాయి, విమానాలు పంపమని సైన్యం అడిగింది. అనుమతి వచ్చేసరికి పొద్దు వాలిపోతోంది. పఠాన్‌కోట నుంచి లేచిన మన వాంపైర్లు, మిస్టేర్లు ఆ దుమ్ములో, మసక వెలుతురులో శత్రువులతో పాటు మన ట్యాంకులను, మన మందుగుండు బళ్లను కూడా కొట్టాయి. నాలుగు వాంపైర్లను కోల్పోయాం. ఎదురు బెదురుగా కలగలిసిపోయిన రెండు ట్యాంకు దళాల మధ్య గీత గీసి చెప్పేవాడు కింద లేకపోతే పైనున్నవాడి పని ఏమవుతుందో ఆ సాయంత్రం చూపింది.

2003 మార్చి 28న ఇరాక్‌లో బ్రిటిష్ కవచ వాహనాల మీద నారింజ పలకలు పరిచే ఉన్నాయి. పైన తిరుగుతున్న రెండు అమెరికన్ ఏ-10 విమానాల పైలట్లు ఆ నారింజ రంగును చూశారు కూడా. చూసి, అవి నారింజ రంగు రాకెట్లు అనుకున్నారు. కాల్చారు. ఒక సైనికుడు చనిపోయాడు. కాక్‌పిట్‌లో వాళ్లు మాట్లాడుకున్న మాటల రికార్డు తర్వాత బయటికొచ్చింది. తాము కొట్టింది ఎవరినో తెలిశాక ఆ పైలట్ల గొంతులు విన్నవాళ్లు మరిచిపోలేరు. గుర్తు లేక కాదు, గుర్తును మనసు తనకు కావలసినట్టు చదువుకుంది.

1991 గల్ఫ్ యుద్ధం ఈ విషయంలో ఒక మలుపు. యుద్ధంలో చనిపోయిన 148 మంది అమెరికన్ సైనికుల్లో 35 మంది తమవాళ్ల చేతుల్లోనే పోయారు. దాదాపు నలుగురిలో ఒకరు. ఇవి కాక ఫిబ్రవరి 26న ఏ-10 విమానాలు బ్రిటిష్ వారియర్ వాహనాల మీద దాడి చేసి తొమ్మిది మందిని చంపాయి. ఎడారిలో చాటు లేదు, ఆకాశం మీద తిరుగులేని పట్టు ఉంది, అయినా ఇంత జరిగింది. శత్రువు బలహీనుడైనప్పుడు సొంతవాళ్ల వాటా పెద్దదిగా కనిపిస్తుంది, ఆ లెక్కను అలా కూడా అర్థం చేసుకోవాలి. ఏమైనా అప్పుడు హడావుడిగా ఎన్నో ఉపాయాలు వెతికారు. వాహనాల మీద తలకిందులైన వి అక్షరం రాశారు. నాకు బాగా నచ్చింది ఒక చిన్న దీపం. మన ట్రాన్సిస్టర్ రేడియోల్లో వేసుకునే 9 వోల్టుల చదరపు బ్యాటరీ లేదూ, దాని నెత్తిన తగిలించే వేలెడంత దీపం. మామూలు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో మినుకుమినుకుమంటుంది. రాత్రి చూసే కళ్లద్దాలున్న పైలట్‌కు మాత్రం కనిపిస్తుంది. శత్రువు దగ్గర కూడా అలాంటి అద్దాలుంటే దాని పని అయిపోయినట్టే అనుకోండి. అలాంటి రాత్రి చూసే సాధనాలు మన రాష్ట్రంలో మచిలీపట్నంలోని భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో తయారవుతాయి. 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీగా మొదలైన సంస్థే 1983లో బీఈఎల్‌లో కలిసింది. స్కూలు ల్యాబుల్లో ఆ కంపెనీ పేరున్న పరికరాలు పట్టుకున్నవాళ్లు ఈ సభలోనే ఉండవచ్చు.

ఆ తర్వాత వచ్చింది జీపీఎస్. ఎవరు ఎక్కడున్నారో అంకెల్లో తెలిసిపోతుంటే ఇక పొరపాటు ఎక్కడ జరుగుతుంది అనుకున్నారు. 2001 డిసెంబరు 5న ఆఫ్ఘనిస్తాన్‌లో ఒక అమెరికన్ సైనికుడు శత్రువు ఉన్న చోటు కొలిచి బాంబర్‌కు అంకెలు చెప్పే పనిలో ఉన్నాడు. మధ్యలో చేతి యంత్రం బ్యాటరీ అయిపోయింది. కొత్తది వేశాడు. బ్యాటరీ మార్చగానే ఆ యంత్రం తాను ఉన్న చోటు అంకెలు చూపించేలా తయారు చేసి ఉంది. ఆ సంగతి ఆ గడియలో తట్టలేదు. తెర మీదున్న అంకెలే చదివాడు. 2 వేల పౌండ్ల బాంబు చెప్పిన చోటికే, తప్పు లేకుండా, వచ్చి పడింది. ముగ్గురు అమెరికన్ సైనికులు, వాళ్లతో ఉన్న ఆఫ్ఘన్లు కొందరు చనిపోయారు. తర్వాత ఆ దేశానికి అధ్యక్షుడైన హమీద్ కర్జాయ్‌కి కూడా గాయాలయ్యాయి. ఇంజనీరింగ్ చదవబోయే పిల్లలకు నేను ఈ ఒక్క ఉదంతం తప్పకుండా చెబుతాను. ఆ యంత్రం చెడిపోలేదు. దాన్ని తయారు చేసినవాళ్లు బల్ల ముందు కూర్చుని, బ్యాటరీ వేయగానే ముందు ఏం చూపించాలి అని ఆలోచించినప్పుడు, తుపాకుల మోతలో, నిద్ర లేకుండా, వణుకుతున్న చేతులతో దాన్ని పట్టుకునేవాడు వాళ్ల కళ్ల ముందు లేడు.

మన జీపీఎస్ సంగతి కూడా ఒక మాట. 2022 దాకా మన జిల్లాలోదే అయిన శ్రీహరికోట నుంచే మన సొంత నావిక్ ఉపగ్రహాలు ఎగిరాయి. మొదటిది 2013 జులై 1న. వాయుసేన కోసమే తయారు చేసిన జీశాట్-7ఏ కూడా అక్కడి నుంచే 2018 డిసెంబరు 19న వెళ్లింది. విమానాలను, నేల మీది రాడార్లను కలిపి మాట్లాడించడం దాని పని. అయితే అన్నీ బాగున్నాయని చెప్పలేను. నావిక్ ఉపగ్రహాల్లో కొన్నిటి అణు గడియారాలు చెడిపోయాయి. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరవ ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. పటాసులు కాల్చుకోవడం ఒక్కటే కాకుండా ఇవి కూడా తెలిసి ఉండాలి. పరాయి వాళ్ల అంకెల మీద ఆధారపడి మన సైనికుడి పక్కన బాంబు వేయడం ఏ దేశానికీ క్షేమం కాదు.

ఇప్పటి పద్ధతిలో ప్రతి వాహనం తానెక్కడున్నదీ ఉపగ్రహం ద్వారా చెబుతూ ఉంటుంది. మనవాళ్లందరూ పటం మీద నీలం చుక్కలుగా కనిపిస్తారు. 2003 నుంచి అమెరికన్లు దీన్ని పెద్ద ఎత్తున వాడారు. నిస్సందేహంగా ఎన్నో ప్రాణాలు కాపాడింది. దానికీ ఒక గుణం ఉంది. ఆ చుక్క ఇప్పటిది కాదు, కాసేపటి కిందటిది. ఆ కాసేపట్లో వాహనం గట్టు దాటి ఉండవచ్చు. ఇంకొకటి, చుక్క లేని చోట మనవాళ్లు లేరని అర్థం కాదు. మళ్లీ ఐఎఫ్ఎఫ్ మౌనం లాంటిదే.

కార్గిల్‌లో మన పైలట్లకు ఎదురైన ఇబ్బంది ఇంకో రకం. 1999 మే 26న వాయుసేన దాడులు మొదలయ్యాయి. మూడు రోజుల్లో ఒక మిగ్-21, ఒక మిగ్-27, ఒక ఎంఐ-17 పోగొట్టుకున్నాం. భుజం మీద పెట్టి పేల్చే క్షిపణులకు అందకుండా విమానాలు బాగా పైకి వెళ్లాల్సి వచ్చింది. పైకి వెళ్లేకొద్దీ విమానానికి క్షేమం, కింద శిఖరం అంచున పాకుతున్న మన జవానును గుర్తుపట్టడం అంతకంత కష్టం. శత్రువు శిఖరం మీద, మనవాడు దానికి కొన్ని వందల గజాల కింద, అన్నీ ఒకే రంగు రాళ్లు. జూన్ 24న టైగర్ హిల్ మీద మిరాజ్-2000 విమానం లేజర్ కాంతితో దారి చూపే బాంబులు వేసింది. లేజర్ చుక్క ఎక్కడ ఉంటే బాంబు అక్కడికి పోతుంది. సరే, చుక్క ఎక్కడ పెట్టాలో ఎవరు చెబుతారు? మళ్లీ మనిషే.

కరెంటు, కంప్యూటరు ఏమీ అక్కర్లేని ఒక జాగ్రత్త కూడా ఉంది. ఏ దిక్కు నుంచి రావాలి అన్నది. మనవాళ్ల వరుసకు సమాంతరంగా ఎగురుతూ బాంబు వేస్తే, ముందో వెనకో పడినా శత్రువు మీదే పడుతుంది. మనవాళ్ల నెత్తి మీదుగా వస్తూ వేస్తే, ఒక్క క్షణం ముందు మీట నొక్కినా మనవాళ్ల మీదే. చేలో మందు కొట్టేవాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు. గట్టు వెంబడి పోతూ కొడితే మన చేలోనే ఉంటుంది. గట్టుకు అడ్డంగా, గాలి వాటం చూడకుండా కొడితే పక్కవాడి మిరప తోట మీద పడి పంచాయితీ అవుతుంది. 1944 జులైలో నార్మండీలో అమెరికన్ బాంబర్లు రోడ్డు వెంబడి కాకుండా తమ సేనల మీదుగానే వచ్చాయి. మొదటి వరస బాంబులు లేపిన దుమ్మును గాలి వెనక్కి నెట్టింది. ఆ దుమ్మునే గురి అనుకుని వెనకొచ్చినవాళ్లు వేశారు. జులై 25 ఒక్కరోజే 111 మంది అమెరికన్లు చనిపోయారు. చూడటానికి వచ్చిన లెఫ్టినెంట్ జనరల్ మెక్‌నేర్ కూడా వాళ్లలో ఉన్నాడు.

నేల నుంచి మన విమానాలను కూల్చుకోకుండా మన సైన్యం ఇప్పుడు 'ఆకాశతీర్' అనే వ్యవస్థ వాడుతోంది. బీఈఎల్ తయారీ. 2023 మార్చిలో 1,982 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. సైన్యం రాడార్లు, ఫిరంగులు, క్షిపణులు అన్నిటికీ ఆకాశం ఒకే బొమ్మగా కనిపించేలా చేసి, వాయుసేన వ్యవస్థతో కలుపుతుంది. 2025 మే నెలలో డ్రోన్లు వరసగా వచ్చినప్పుడు దాన్ని వాడారు. ఒకే ఆకాశంలో మన విమానం, మన డ్రోను, వాళ్ల డ్రోను, మన క్షిపణి తిరుగుతుంటే ఒకరి బొమ్మ ఒకరికి కనిపించడం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. బడ్గాంలో లేనిది ఆ ఒకే బొమ్మ.

ఈ మధ్య కుర్రవాళ్లు "కృత్రిమ మేధ వచ్చేసింది కదండీ, అదే గుర్తుపడుతుంది" అంటున్నారు. ట్యాంకు ఆకారం చూసి ఏ దేశపుదో చెప్పడంలో అది మనిషిని మించవచ్చు, కాదనను. కానీ రెండు వైపులా ఒకే దేశంలో తయారైన ట్యాంకులుంటే? తొడుక్కున్న బట్టలు ఒకేలా ఉంటే? ఎదురుగా ఉన్నది ట్యాంకని చెప్పడం వేరు, అది మనదని చెప్పడం వేరు. రెండోది బొమ్మలో ఉండదు. ఆ పూట మనవాళ్లు ఎక్కడిదాకా వెళ్లారో తెలిసినవాళ్ల దగ్గర ఉంటుంది. నా ఉద్దేశంలో యంత్రానికి "ఆగు" అనే హక్కు ఇవ్వాలి, "కొట్టు" అనే హక్కు మాత్రం ఇంకా ఇవ్వకూడదు.

అందుకే ఇంత టెక్నాలజీ వచ్చాక కూడా సైన్యాల్లో నేల మీద విమానాలకు దారి చెప్పే మనిషి ఉన్నాడు. రేడియో పట్టుకుని, సైనికుల మధ్యే ఉండి, పైనున్న పైలట్‌కు చెబుతాడు. నాటో దేశాల పద్ధతిలో అతను తొమ్మిది వరసల్లో చెప్పాలి. ఎక్కడి నుంచి బయల్దేరాలి, ఏ దిక్కు, ఎంత దూరం, గురి ఎంత ఎత్తున ఉంది, అది ఏమిటి, ఎక్కడ ఉంది, దాని మీద ఏం గుర్తు పెట్టాం, తర్వాత ఎటు తిరిగిపోవాలి. వీటిలో ఎనిమిదో వరస మనవాళ్లది. గురికి మనవాళ్లు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉన్నారు అని. అది చెప్పకుండా తొమ్మిదో వరసకు పోకూడదు. విన్నాక పైలట్ గురి ఎత్తు, గురి ఉన్న చోటు అంకెలు తిరిగి చదివి వినిపించాలి. చిన్నప్పుడు మన మాస్టార్లు ఎక్కం ఒప్పజెప్పించుకున్నట్టు. ఒక్క అంకె తేడా వచ్చినా సరిదిద్ది మళ్లీ చదివించుకుంటాడు. అంతా సరిపోయి విమానం గురి మీదికి దిగుతున్నప్పుడు కూడా, ఎవరికి అనుమానం వచ్చినా ఒక మాట ఉంది. ఇంగ్లీషులో "అబార్ట్". మూడుసార్లు అంటారు. ఆ మాట వినగానే పైలట్ కారణం అడగడు. ముక్కు పైకెత్తి వెళ్లిపోతాడు, ఇంకోసారి తిరిగి వస్తాడు.

నాకిచ్చిన అరగంట దాటింది. పిల్లల దగ్గర ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి, చెబుతాను. సెలవు.